చెంబక్క గొంతు

మొన్న కర్నూలులో మనవరాలి ఇంట్లో ఉన్నప్పుడు, దాని నాలుగేళ్ళ కూతురు అన్నం తినడానికి మొండికేస్తే, ఫోను తీసి ముందర పెట్టారు. అందులో గుడ్డతో కుట్టిన కోతి బొమ్మ ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ పండ్ల పేర్లు చెబుతూ ఉంది. పిల్ల ముద్ద మింగడం మరచిపోయి దాన్నే చూసి చూసి, నా వైపు తిరిగి, "అవ్వా, కోతి లోపల ఎవరుండారు?" అని అడిగింది. వాళ్ళమ్మ నవ్వి, ఎవరో ఉంటార్లే, నువ్వు తిను, అంది. కలుపుతున్న అన్నంలోనే నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఎవరోలలో ఒకామె నన్ను పెంచింది. ఇన్నేళ్ళుగా ఆమె సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా మా వీధిలో తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఇప్పుడెవరున్నారు గనుక? నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉండి, ఈ నాలుగు మాటలు చదివితే చాలుననుకొని రాస్తున్నాను.

మాది నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో, రోడ్డు వదిలి చాలా దూరం లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు. నల్లరేగడి చేలు, కంపచెట్లు, ఎండాకాలం వస్తే నోరు తెరుచుకొనే నేల. తోలుబొమ్మలాడే ఇల్లు మాది. మా పెద్దలు ఎప్పుడో మరాఠా దేశం నుంచి వచ్చారంటారు గాని, నాకు తెలివి వచ్చేనాటికి ఆ భాషలో మా ఇంట మిగిలింది దేవుడి ముందు చెప్పుకొనే నాలుగు ముక్కలే. పంటలు ఇంటికి చేరాక ఊళ్ళవాళ్ళు పిలిచేవారు. తెల్ల పంచలు రెండు కుట్టి తెరగా కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టి, నాయన హార్మోనియం మీద ఒక చెయ్యి వేసి రాగం తీశాడంటే ఊరంతా వచ్చి తెర ముందు చాపలు పరుచుకొనేది. మేకతోలు గీకి గీకి కాగితమంత పలచగా చేసి, రంగులు వేసి, నగలు ఉండేచోట ఉలితో చిల్లులు కొట్టిన ఆ బొమ్మల్లోంచి దీపం వెలుగు దూరి తెర మీద పడితే, రాజుల కిరీటాలు నిజంగానే మెరిసేవి. దగ్గరికి వచ్చి తాకితే తోలు. దూరం నుంచి చూస్తే ప్రాణం.

నన్ను కన్న కొద్ది రోజులకే అమ్మ పోయింది. పెంచింది మా అత్త, అంటే నాయనకు స్వయానా అక్క. ఆమెను రాజంపేట దిక్కు ఇచ్చారట. మగడు కలరాలో పోతే, కట్టుబట్టలతో తమ్ముడి ఇంటికి తిరిగి వచ్చింది. బక్కపలచని మనిషి. ఇంట్లో ఆమె గొంతు వినపడేది చాలా తక్కువ. ఏదడిగినా తల ఊపడమో, చేత్తో చూపడమో, అంతే. బావి దగ్గర ఆడవాళ్ళు ఈమెకు నోరు లేదా అని నవ్వుకొనేవారు. ఆ నవ్వినవాళ్ళే ఆట రోజున ఆమె కోసం ముందు వరసలో కూర్చొనేవారు, ఎందుకంటే చెంబక్క మా అత్తే.

చెంబక్క కథలో మనిషి కాదు. రాజుల కథ నడుస్తూ నడుస్తూ జనానికి నిద్ర వస్తున్నట్టు అనిపించినప్పుడు, పిలవకపోయినా చంకన చెంబు పెట్టుకొని తెర మీదికి దూసుకొచ్చే ముసలిది. పొడుగు ముక్కు, ఊగే చెవికమ్మలు, మోచేతి దగ్గర విడివడి ఆడే చెయ్యి. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, కోసిన బొమ్మ అది. రాజును నీ కిరీటం యాడ కుదవ పెట్టినావని అడిగేది, మంత్రిని పక్కకు జరగమనేది, చివరికి తెర దాటి చూసేవాళ్ళ మీద పడేది. "ఏమప్పా సావుకారీ, తూకం రాళ్ళు ఇంట్లో మరిచి వచ్చినావా, తలకాయ మరిచి వచ్చినావా?" అంటే, ఆ సావుకారితో సహా అందరూ పొట్ట పట్టుకొనేవారు. ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పాలని ఎంతో ప్రయత్నించాను. కొంచెం బొంగురు, కొంచెం గీర, మాట చివర ఒక విరుపు. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. తెర వెనక దీపం పక్కన కూర్చొని నేను చూస్తుండేదాన్ని. బొమ్మను నిలబెట్టే వెదురు ఈనె చేతికి తీసుకోగానే అత్త వీపు నిటారయ్యేది, కళ్ళు పెద్దవయ్యేవి, ఇంట్లో తల ఊపే మనిషి ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు.

పగటిపూట పిల్లలు మా కొట్టం ముందర చేరి, "చెంబక్కా, యాడుండావు?" అని కేకలు పెట్టేవారు. అత్త పొయ్యి దగ్గర రొట్టె తడుతూనే, తల తిప్పకుండా, ఆ గొంతుతో, "సట్టిలో ఉండా! మూత తీయాకండి, ఎగిరిపోతా!" అనేది. పిల్లలు కిలకిలమని పరుగెత్తిపోయేవారు. ఆమె ముఖంలో నవ్వు నేను చూసింది అలాంటప్పుడే.

తరవాత వానలు ముఖం చాటేశాయి. కొర్ర లేదు, జొన్న లేదు, ఊళ్ళకే తిండి లేనప్పుడు బొమ్మలాటను ఎవరు పిలుస్తారు? దానికి తోడు నందికొట్కూరులో డేరా వేసి టూరింగు సినిమా ఆడించడం మొదలుపెట్టారు. బండ్లు కట్టుకొని జనం అక్కడికి పోయేవారు. నాయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు; పెట్టెలోంచి బొమ్మలు తీసి, పురుగు పట్టకుండా ఎండలో కాసేపు ఉంచి, మళ్ళీ లోపల పెట్టేవాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో ఊరినిండా డేరాలు, ఆఫీసర్లు, ఎగ్జిబిషన్లు. అలాంటి ఒక ఎగ్జిబిషన్‌లో మాకు ఆడే అవకాశం దొరికింది. ఆ ఆట చూసిన ఒకాయన కొన్నాళ్ళకు మద్రాసు నుంచి జీపులో దుమ్ము లేపుకొంటూ మా ఊరికి వచ్చాడు. పిల్లల కోసం సినిమా తీస్తున్న డైరెక్టరట. అందులో పిల్లలతో పాటు బొమ్మలు కూడా మాట్లాడాలట. కళ్ళజోడు, నలిగిన చొక్కా, మెత్తని మాట. మంచివాడే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మా నులకమంచం మీద కూర్చొని మజ్జిగ తాగి, "మీ చెంబక్కను ఊరూరా పిల్లలు చూడాలయ్యా, అందుకే ఇంతదూరం వచ్చాను," అన్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది. అత్త తలుపు చాటున నిలబడి ఉంది.

ఆయన పోయాక నాయన, "అక్కా, ఒక్కసారి సినిమాలో కనపడితే చాలు. ఊర్లన్నీ మల్లా మనల్ని పిలుస్తాయి," అన్నాడు.

"తెర లేకుండా యాడ నిలబడాలప్పా నేను?" అంది అత్త.

"నీకెందుకు, నేనుండా గదా."

తమ్ముడి మాట ఆమె ఎన్నడూ తీసేయలేదు.

బస్సులో కర్నూలు, అక్కడినుంచి రైలు, గుత్తి దగ్గర మళ్ళీ రైలు మారడం. బొమ్మల పెట్టెను నాయన ఎవరినీ తాకనివ్వలేదు, దాని మీదే తల పెట్టుకొని పడుకొన్నాడు. కడప దాటినాక తెల్లవారింది. రాజంపేట స్టేషన్‌లో రైలు ఆగితే అరటిపండ్లవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చారు. కొనమని నేను మారాం చేస్తుంటే అత్త నా మాట వినలేదు. కొంగు ముఖం మీదికి లాక్కొని, రైలు కదిలేదాకా ఆ ఊరి వైపే చూస్తూ కూర్చొంది.

మద్రాసులో మమ్మల్ని ఒక పెద్ద రేకుల షెడ్డులోకి తీసుకుపోయారు. లోపల లైట్లు. ఆముదం దీపాలు తప్ప ఎరగని బొమ్మలను ఆ లైట్ల ముందర పెడితే, చూస్తూ చూస్తూ ఉండగానే తోలు చుట్టుకుపోవడం మొదలైంది. ఒక రాణి చెయ్యి ముడుచుకుపోయింది, ఒక గుర్రం మెడ మెలిక తిరిగింది. నాయన కంగారుగా తడిగుడ్డలు చుట్టి, పలకల కింద పెట్టి, మీద నన్ను కూర్చోమనేవాడు. ఒకసారి మెలిక తిరిగినవి మళ్ళీ సరిగా చదును కాలేదు. చెంబక్కది మందపాటి తోలు కావడంతో నిలబడింది; కెమెరా ముందర దాన్ని నాయనే ఆడించాడు. లైట్ల వెలుగులో రంగు రావడం లేదని ఆమె ముఖానికి మాత్రం కొత్త రంగు పులిమారు. అత్త ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "పెండ్లికి పోయేదాని మాదిరుండావే," అని దానితోనే మెల్లగా అంది.

మాట పట్టుకొనే గది వేరుగా ఉంది. గోడలకు బట్టలు వేలాడగట్టిన గది, నడిమధ్యన ఇనుప కడ్డీ, దాని కొసన మైకు. బొమ్మ అవసరం లేదమ్మా, ఊరికే మాట్లాడు చాలు, అన్నారు. అత్త దాని ముందు నిలబడింది. నోట మాట రాలేదు. అద్దం అవతల మనుషులు చేతులు ఊపుతున్నారు, మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టమంటున్నారు, ఆమె నుదుట చెమటలు. పల్లెటూరి మనిషి, భయపడింది అని ఎవరో అనడం వినిపించింది. నాయన ఎవరినీ అడగకుండా తలుపు తోసుకొని లోపలికి పోయి చెంబక్కను ఆమె చేతిలో పెట్టాడు. ఈనె పట్టుకోగానే ఆమె వీపు నిటారయింది. మైకు వైపు బొమ్మను తిప్పి, "ఏమప్పా నల్లమూతోడా, తిన్నావా లేదా? మాట్లాడవేమి?" అంది. అద్దం అవతల కూర్చొన్న మనుషులు చెవులకు పెట్టుకొన్న డిప్పలు తీసేసి మరీ నవ్వారు. డైరెక్టరుగారు వచ్చి రెండు చేతులు జోడించారు. ఆ పూట అత్త ఎంత మాట్లాడింది, ఎంత బాగా మాట్లాడింది! ఆ షెడ్డులో పనిచేసే వడ్రంగులు, వంటవాళ్ళు కూడా తలుపు దగ్గర మూగి విన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు, ఇంకా కొంచెం పని మిగిలి ఉంది, అయిపోగానే భద్రంగా పంపిస్తాం అని చెంబక్కను మాత్రం అక్కడే ఉంచుకొన్నారు. నాయన సరేనన్నాడు. రైల్లో అత్త కుడిచెయ్యి తన ఒడిలోనే అప్పుడప్పుడు ఏదో పట్టుకొన్నట్టు కదులుతూ వచ్చింది.

ఆ ఏడంతా నాయన పోయిన ఊరల్లా మా చెంబక్క సినిమాలో వస్తాండాదని చెప్పుకొన్నాడు. ఎండాకాలం నడుమ ఆ సినిమా నందికొట్కూరు డేరాకు వచ్చింది. మా ఊరికి ఊరే బండ్లు కట్టింది. పొద్దు గూకగానే మొదలయ్యే ఆటకు పోయి, ముందర ఇసుకలో కూర్చొన్నాం. అత్త ఉతికిన చీర కట్టుకొని, తల నున్నగా దువ్వుకొని వచ్చింది. ఆడవాళ్ళు ఆమెను చూసి జరిగి చోటిచ్చారు. సినిమా మొదలయింది. ఎవరో పిల్లలు, ఏదో తోట, ఒక దొంగ. అంతలో చంకన చెంబుతో పొడుగు ముక్కు తెర నిండా వచ్చేసరికి మా ఊరి పిల్లలంతా లేచి నిలబడి కేకలు పెట్టారు.

చెంబక్క నోరు తెరిచింది. వినిపించింది అత్త గొంతు కాదు.

సన్నని గొంతు, తియ్యని గొంతు, ఎక్కడో కోస్తాలో కృష్ణా ఒడ్డున బాగా చదువుకొన్న ఇంటి ఆడపిల్ల మాట్లాడినట్టు, పదం పదం విడివిడిగా. "ఎక్కడికి వెళుతున్నారు బాబూ?" అంటోంది చెంబక్క. బొమ్మ అదే, చెయ్యి ఆడించింది నాయనే, అత్త మాటలకు తగినట్టు విరిచిన ఆ మోచెయ్యి కూడా అదే. మాట ఇంకెవరిదో. మొదట మా వాళ్ళకు అర్థం కాలేదు. ముందు వరసలో ఒక పిల్లవాడు వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, నీ గొంతేమాయె?" అని అడిగాడు. ఎవరో వాణ్ణి గదిమి కూర్చోబెట్టారు. నాయన తల వంచుకొని ఇసుకలో వేలితో గీస్తూ ఉండిపోయాడు. అత్త మాత్రం తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చివరి దాకా చూసింది. ఆ సన్నని గొంతుకు డేరాలో ఉన్న మిగతా ఊళ్ళవాళ్ళందరూ పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వులు కూడా విన్నది. లేచి చీర దులుపుకొంటూ నాతో, "బాగుండాది. శానా బాగుండాది ఆయమ్మ గొంతు," అంది.

ఆ మాట ఆమె ఎకసెక్కంగా అనలేదు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

విచిత్రమేమంటే నాయన అనుకొన్నట్టే ఊళ్ళు పిలిచాయి. సినిమాలో వచ్చిన బొమ్మలవాళ్ళట అని ఆత్మకూరు అవతలి నుంచి కూడా మనుషులు వచ్చారు. చెంబక్క ఇంకా మద్రాసులోనే ఉంది కనుక నాయన తొందర తొందరగా కొత్త తోలు గీకి అలాంటిదే ఇంకొకటి కోశాడు. మొదటి ఊళ్ళో, ఆట సగానికి వచ్చాక, అత్త ఆ కొత్త బొమ్మను తెర మీదికి తెచ్చి నోరు తెరిచిందో లేదో, పిల్లలు గోల పెట్టారు. "ఇది చెంబక్క కాదు! చెంబక్క ఇట్ల మాట్లాడదు!" అని ఒకటే అరుపులు. పెద్దవాళ్ళు కూడా, సినిమాలో మాదిరి చెప్పించప్పా, అని నాయనకు కేక వేశారు. నాయన హార్మోనియం ఆపి, వంగి, "అక్కా, ఈ ఒక్కసారికి ఆ మాదిరి చెప్పు," అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు పాపం.

అత్త ప్రయత్నించింది. గొంతు సన్నం చేసుకొని, "ఎక్కడికి వెళుతున్నారు..." అని మొదలుపెట్టింది. ఆ మాట ఆమె నోటిలో తిరగలేదు, నడుమ పగిలింది. తెర ముందు జనం నవ్వారు. అంతకుముందు ఆమెను చూసి నవ్వినట్టు కాదు. ఆమె బొమ్మను తెర మీద అలాగే కొంతసేపు ఉంచి, తరవాత మెల్లగా కిందికి దించి, పక్కన గోడకు ఆనించింది. ఆ రోజు మిగతా కథ నాయన ఒక్కడే నడిపాడు. ఆ తరవాత ఆమె తెర వెనక్కి వచ్చి దీపాలకు నూనె పోసేది, బొమ్మలు అందించేది, అంతే. మాట మాత్రం రాలేదు. నాయన తనే ఆడగొంతు పెట్టి చూశాడు, నన్ను చెప్పమని చూశాడు. నాకు కథలు చెప్పే నోరే లేదు. మెల్లమెల్లగా ఆ పిలుపులు కూడా ఆగిపోయాయి.

పాత బొమ్మ తెస్తే అక్క మళ్ళీ మాట్లాడుతుందేమో అన్న ఆశతో నాయన మద్రాసు పోయాడు. ఆ షెడ్డులో వేరే సినిమా జరుగుతోందట. అడగగా అడగగా ఒక లాడ్జి గదిలో డైరెక్టరు దొరికాడు. సినిమాకు పెట్టిన డబ్బు తిరిగి రాక ఆయనా మునిగిపోయాడు. జ్వరంతో పడి ఉన్నాడట, గడ్డం పెరిగి. మీ మాట మిగతా జిల్లాల పిల్లలకు అర్థం కాదని సినిమా కొనేవాళ్ళు పట్టుబట్టారయ్యా, నా మాట సాగలేదు, అని చెప్పి ఏడ్చాడట. బొమ్మ సంగతి అడిగితే, సామాన్ల గది ఖాళీ చేసినప్పుడు ఏమయిందో తెలియదన్నాడు. అత్త మాట్లాడిన మాటలు పట్టిన రీళ్ళు కూడా లేవు. నాయన ఉత్త చేతులతో తిరిగి వచ్చి ఈ సంగతంతా గడపలో కూర్చొని చెబుతుంటే, అత్త వింటూ జొన్నలు చెరుగుతూనే ఉంది. చేట దించి, "ఆయప్పకు తగ్గిందా జ్వరం?" అని అడిగింది.

బొమ్మ పాతబడి చినిగిపోతే మా వాళ్ళు దాన్ని చెత్తలో వేయరు. మనిషి పోయినట్టే, పసుపు కుంకుమలు పెట్టి ఏటిలో వదులుతారు. ఆ మరుసటి కరువులో, ఇక ఈ ఊళ్ళో బతకలేమని తేలిపోయాక, నాయన పెట్టె మొత్తం బండిలో పెట్టించి కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయాడు. వాటిలో ఎన్నో చినగనివి, రంగు కూడా చెదరనివి. మధ్యాహ్నం ఎండ. నీళ్ళు సన్నగా పారుతున్నాయి. అత్త ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టి ఇస్తుంటే నాయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వదులుతున్నాడు. తేలికైనవి కదా, మునగలేదు, రాజులు గుర్రాలు రాణులు వెల్లకిలా తేలుతూ మెల్లగా పోయారు. చివర కొత్తగా కోసిన చెంబక్క మిగిలింది.

"అక్కా, నీ నోటితో ఒక మాట చెప్పి సాగనంపు," అన్నాడు నాయన.

అత్త బొమ్మ ముఖాన్ని తన వైపు తిప్పుకొంది. "ఏ మాట చెప్పాలప్పా? నాదా, ఆయమ్మదా?" అంది.

నాయన బొమ్మ కోసం చెయ్యి చాచాడు. ఆమె తానే నీళ్ళలోకి దిగి దాన్ని వదిలేసింది. ఆ ఒడ్డు కూడా ఇప్పుడు లేదు, తరవాత కట్టిన ప్రాజెక్టు నీళ్ళ కిందికి పోయింది.

నాయన బేతంచెర్ల దిక్కు నాపరాళ్ళ గనుల్లో పనికి కుదిరాడు. ఆ దుమ్ము ఆయన రొమ్ములో చేరి కొన్నేళ్ళకే తీసుకుపోయింది. పెండ్లయి కర్నూలు వచ్చాక అత్తను నా దగ్గరికే తెచ్చుకొన్నాను. చాలాకాలం బతికింది. నా పిల్లలను ఎత్తుకొంది, నీళ్ళు పోసింది, కానీ ఒక్క కథ చెప్పలేదు. చెప్పమని నేను ఎప్పుడైనా అడిగితే తల అడ్డంగా ఊపేది. ఆమె పోయిన రోజున వచ్చిన చుట్టుపక్కల వాళ్ళలో ఎవరికీ ఆమె మాట్లాడగా విన్న జ్ఞాపకం లేదు.

ఇప్పుడు బొమ్మలకు కొదవ లేదు. ప్రతి ఇంట్లో, ప్రతి చేతిలో మాట్లాడే బొమ్మలే. అవన్నీ ఒకే రకం తెలుగు మాట్లాడతాయి, అది విని మా వీధి పిల్లలూ అలాగే మాట్లాడతారు, ఉండాది అన్న మాట నోట వస్తే బడిలో పక్కవాళ్ళు నవ్వుతారట. నేను దానికి ఎవరినీ తప్పు పట్టను, పట్టి చేసేదేమీ లేదు. ఆ సినిమా కూడా ఎక్కడా లేదు, నా పిల్లలు వెదికి చూశారు. వయసు మీద పడేకొద్దీ నాకు ఆ రోజులు బాగా గుర్తొస్తున్నాయి. ఆముదం దీపాల వాసన, మా అత్త నిటారయిన వీపు, చెంబక్క చెవికమ్మలు ఊగడం, ఆ మాటలన్నీ పొల్లు పోకుండా గుర్తున్నాయి. కళ్ళు మూసుకొని వాటిని ఆమె గొంతులో వినాలని కూర్చొంటాను. చెంబక్క వస్తుంది, చంకన చెంబుతో, నోరు తెరుస్తుంది. నా చెవిలో పలికేది ఆ సన్నని, తియ్యని, సినిమా గొంతే.